స్టీరింగ్ దగ్గరున్నవాడు

మెల్బోర్న్
1997, జూన్ 3

గ్లెనిస్ వదినకు,

నేను మళ్లీ స్లాగ్‌రోడ్ బ్యాండ్‌లో చేరానని రేడియోలో విని నువ్వు మండిపడ్డావని టాన్యా చెప్పింది. "మా ఆయన్ని ఊరూరా తాగుబోతని చాటినవాడి పక్కన గిటార్ పట్టుకుని నిలబడటానికి మీ బాబాయికి సిగ్గు లేదా?" అన్నావట. ఉంది వదినా. ఆ సిగ్గుతోనే వచ్చాను. ఎందుకొచ్చానో నీకొక్కదానికే చెబుతున్నాను. గుండె గట్టి చేసుకుని చదువు.

మొన్న వేసవిలో ఆల్బరీ ఊళ్లో ఒక హోటల్లో మధ్యాహ్నం పూట వాయిస్తుంటే ఒక ముసలాయన ముందు బల్ల దగ్గర కూర్చుని నన్నే చూస్తున్నాడు. పాటలయ్యాక దగ్గరికొచ్చాడు. "నువ్వు క్లైవ్ తమ్ముడివి కదూ? వ్యాన్ ప్రమాదం జరిగినరోజు అంబులెన్స్ తెచ్చింది నేనే. మీ అన్నను వ్యాన్లోంచి తీసింది ఈ చేతులే" అన్నాడు.

ఆరోజు కచేరీ అయ్యాక అన్నయ్యా, మా పాటగాడు డారిల్ వ్యాన్లో ముందు బయల్దేరారు, నేను వెనక సామాన్ల లారీలో వస్తున్నాను, నీకు తెలుసు. నేను చేరేసరికే అన్నయ్యను తీసుకెళ్లిపోయారు. రోడ్డు పక్కన డారిల్ ఒక్కడే కూర్చుని ఏడుస్తున్నాడు. "వద్దన్నా వినలేదురా నెవిల్, తాగి తనే నడిపాడు" అన్నాడు. నేను నమ్మాను. అందరం నమ్మాం.

"మీ అన్న స్టీరింగ్ దగ్గర లేడు బాబూ" అన్నాడు ముసలాయన. "వెనక సీట్లో దుప్పటి కప్పుకుని ఉన్నాడు. నిద్రలోనే పోయాడు. స్టీరింగుకీ సీటుకీ మధ్య ఇరుక్కుని, సారా కంపు కొడుతూ కేకలు పెట్టింది ఆ పాటగాడు. పోలీసులొచ్చేసరికే ఇద్దర్నీ బయటికి తీసేశాను. వాళ్లు నన్నేమీ అడగలేదు, అతను చెప్పిందే రాసుకున్నారు. ఆ తర్వాత నోరు విప్పడానికి నాకు ధైర్యం చాల్లేదు."

పదహారేళ్లు వదినా! అన్నయ్య నిద్రపోతున్నాడు, అంతే. మా అమ్మ చర్చిలో వెనక వరసలో తల దించుకుని కూర్చుని, అలాగే పోయింది. నిన్ను చూసి మీ వీధి ఆడవాళ్లు పక్కకి తప్పుకునేవారు. బళ్లో పిల్లలు టాన్యాను 'తాగుబోతు కూతురు' అన్నారు. డారిల్‌గాడేమో ప్రతి ఇంటర్వ్యూలోనూ కళ్లు తుడుచుకుని "పాపం క్లైవ్, తాగుడు మానలేకపోయాడు" అనేవాడు.

ఆ నెలలోనే డారిల్ ఫోన్ చేశాడు. "ఇంకో ఆల్బం చేద్దాంరా. అరుపులూ కేకలూ కాదు, మన వయసుకు తగ్గ పాటలు. రాయడం నీకొక్కడికే వచ్చు" అన్నాడు. సరేనన్నాను. వాడు చేసిన పని మొత్తం పాటగా రాశాను. దాన్ని వాడి గొంతుతోనే, దేశం మొత్తానికీ వినపడేలా పాడిస్తాను. పాడనంటే అందరి ముందూ ఎందుకు పాడవని అడుగుతాను. ఎటు తిరిగినా వాడికి దారి లేదు.

నీ మరిది,
నెవిల్

*

మెల్బోర్న్
జూన్ 19

గ్లెనిస్ వదినకు,

పాడాడు! దీంతో పాటు క్యాసెట్ పంపుతున్నాను.

ఇక్కడ స్టూడియోలో మమ్మల్ని చూస్తే నవ్వొస్తుంది నీకు. ఒకప్పుడు బీరు పెట్టెలుండే చోట ఇప్పుడు టీ కెటిలూ మోకాళ్ల నొప్పుల మందూ ఉన్నాయి. డారిల్‌కి పై స్థాయి పోయింది. పాత పాటలు ఎత్తుకుంటే మధ్యలోనే దగ్గొస్తుంది. రికార్డింగ్ చూస్తున్న బ్రిజిడ్ అనే ఆవిడ మొదటిరోజే చెప్పేసింది: "పాతికేళ్లు అరిచారు. చాలు. ఇప్పుడు మనుషుల్లా మాట్లాడండి." నిజం చెప్పాలంటే ఇంత మంచి పాటలు మేమెప్పుడూ చేయలేదు. అన్నీ నిదానంగా, ఒంటరిగా ఉన్నవాడి పక్కన కూర్చున్నట్టుంటాయి.

మంగళవారం ఆ కాగితం వాడి చేతికిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని చదివాడు. "వెనక సీట్లో వాడు నిద్రపోతున్నాడు, స్టీరింగ్ నా చేతుల్లో ఉంది" అన్న చోట ఆగిపోయాడు. మొహం సున్నం కొట్టినట్టయింది.

"ఎవరు చెప్పారు?" అన్నాడు.

"అంబులెన్సాయన."

"వీళ్లకి తెలుసా?"

"నువ్వు పాడితే తెలుస్తుంది."

లేచి బయటికి పోయాడు. పారిపోయాడనే అనుకున్నాను. పారిపోతే బాగుండునని కూడా అనుకున్నాను, వెంటపడి తరమొచ్చని. కాసేపటికి తిరిగొచ్చి, "శ్రుతి కాస్త తగ్గించు, అంత పైకి పోలేను" అన్నాడు.

ఒక్కసారే పాడాడు. బ్రిజిడ్ ఏడ్చేసింది. అన్నయ్య చోట వచ్చిన కొత్త డ్రమ్మర్ కర్రలు కింద పెట్టి గోడవైపు తిరిగాడు. అంతా అయ్యాక డారిల్ వచ్చి నన్ను వాటేసుకుని, "థాంక్స్ రా. పదహారేళ్ల బరువు దించావు" అన్నాడు.

ఒళ్లు మండిపోయింది వదినా. నేను వచ్చింది వాడి నెత్తిన బరువు పెట్టడానికి, దించడానికి కాదు. వాడు ఆ సాయంత్రం రెండు ప్లేట్లు తిన్నాడు, ఈల వేశాడు. పోనీలే, రెండు మూడు నెలల్లో ఆల్బం బయటికొస్తుంది, అప్పుడు తెలుస్తుంది అనుకుంటున్నాను. ఇదే ఆల్బం మొత్తానికి మంచి పాటని అందరూ అంటున్నారు. నేను రాసినవాటన్నిటిలోకీ ఇదే మంచిది. నువ్వు విని, సరే అంటే పాట కింద అన్నయ్యకి అంకితమని వేయిస్తాను.

నెవిల్

*

పోర్ట్ కెంబ్లా
జూలై 8

నెవిల్‌కి,

నీ మొదటి ఉత్తరం చదివి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. టాన్యాకి చదివి వినిపించాను. అది తండ్రి ఫోటో తీసుకుని గదిలోకి పోయి తలుపేసుకుంది. తర్వాత క్యాసెట్లో నీ పాట విన్నాను. ఏడ్చాను. అంత బాగుంది. బాగుంది కాబట్టే చెబుతున్నాను, ఆ పాట తీసెయ్.

పిచ్చివాడా, వాడికి ఏమిచ్చావో చూసుకున్నావా? ఆ పాట బయటికొస్తే పేపర్లవాళ్లు ఏం రాస్తారు? 'డారిల్‌కి వయసొచ్చింది, నిజాయితీ వచ్చింది' అంటారు. జనం వాడి కోసం కన్నీళ్లు పెడతారు. నా మొగుణ్ని చంపిన సంగతి చెప్పి వాడు ప్రతి ఊళ్లోనూ చప్పట్లు కొట్టించుకుంటాడు. నువ్వు పక్కన నిలబడి గిటార్ వాయిస్తావు. ఇదా నీ పగ?

నేను డారిల్‌కి ఫోన్ చేశాను. ఆదివారం మధ్యాహ్నం ఉక్కు కార్మికుల క్లబ్బుకి రమ్మన్నాను. "తప్పకుండా గ్లెనిస్. గిటార్ తెస్తాను, ఆ పాట నీ ముందు పాడతాను" అన్నాడు, గొంతు వణికిస్తూ.

"గిటార్ తెస్తే గుమ్మం తొక్కనివ్వను. రాకపోతే ఆ అంబులెన్సాయనతో నేనే చెప్పిస్తాను" అన్నాను.

వచ్చాడు. క్లబ్బు నిండుగా ఉంది, అందరూ భోజనాల దగ్గరున్నారు. బ్యాండ్‌కి ముందు క్లైవ్‌తో ఉక్కు కొలిమి దగ్గర పనిచేసినవాళ్లు, పదహారేళ్లు నన్ను చూసి గుసగుసలాడినవాళ్లు, అంతా ఉన్నారు. డారిల్ వేదిక వైపు నడవబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. "అక్కడ కాదు. ఇక్కడే, బల్లల మధ్య నిలబడి చెప్పు."

మైకు లేకపోతే వాడికి చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చొక్కా అంచు నలుపుతూ మొదలుపెట్టాడు. "ఆరోజు..." అని ఏదో అందంగా ఎత్తుకోబోయాడు.

"మామూలుగా చెప్పు" అన్నాను.

చెప్పాడు. "తాగింది నేను. నడిపింది నేను. క్లైవ్ వెనక పడుకుని ఉన్నాడు. అబద్ధమాడాను." ఎంత చిన్న గొంతో నెవిల్, వెనక బల్లవాళ్లు "ఏమన్నాడు?" అని అడిగారు. "మళ్లీ చెప్పు, వాళ్లకి వినపడలేదు" అన్నాను. మళ్లీ చెప్పాడు.

చెప్పి, అలవాటు చొప్పున చప్పట్ల కోసం ఆగాడు. ఒక్క చెయ్యి కదల్లేదు. క్లైవ్ జట్టులో పనిచేసిన ముసలి మెర్విన్ లేచి నా దగ్గరికొచ్చి టోపీ తీశాడు. "అమ్మా గ్లెనిస్, క్షమించు" అన్నాడు. తర్వాత ఒక్కొక్కరూ లేచి వచ్చారు. టాన్యా నా పక్కనే తలెత్తుకుని నిలబడింది. డారిల్‌ను ఎవరూ చూడలేదు. తెల్లారి వాణ్ని పోలీస్ స్టేషన్‌కి నేనే తీసుకెళ్లాను. అక్కడ కూడా మామూలుగానే చెప్పాడు. వాళ్లు రాసుకుని, కోర్టు పిలిచినప్పుడు రమ్మని పంపేశారు.

నీ మంచి పాట పోతోందని నీకు కష్టంగానే ఉంటుంది. అర్థం చేసుకోగలను. మిగతా పాటలు వేసుకోండి, అవీ బాగుంటాయి.

స్టేషన్ మెట్లు దిగుతూ డారిల్ అడిగాడు, "ఎప్పటికైనా నన్ను క్షమిస్తావా గ్లెనిస్?" అని.

"నా దగ్గర దొరకదు. కావాలంటే పాట రాసుకో" అన్నాను.

నీ వదిన,
గ్లెనిస్