గాలివాన సంచి

2 ఏప్రిల్ 2000, ఆదివారం. బుకిట్ బటోక్.

ఈ రోజు నుంచి నా జీవితం మారిపోతుంది. సముద్రం అవతల సుమత్రా దీవి వైపు నుంచి తెల్లవారుజామున వచ్చిపడే గాలివానల వెంట వెళ్లే గుంపులో చేరాను. వాన చూసి మురిసిపోవడమే కాదు. చెట్లు కూలిన చోట చిక్కుకున్నవాళ్లను వెతికి బయటకు తేవాలి కూడా. నాయకుడు మిస్టర్ గో, రిటైరైన ఫైర్‌మన్. ఒకటే షరతు పెట్టాడు: ఎమర్జెన్సీ సంచి ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి, అందులోవి ఇంటి పనులకు వాడకూడదు.

కొన్నవి: టార్చి, బ్యాటరీలు, నైలాన్ తాడు, రెయిన్‌కోటు, హెల్మెట్, బిస్కెట్లు, విజిల్. భీమవరంలో ఉరిమితే మంచం దిగని వెంకటరాజేనా వీడు?

మా ఆవిడ ఉమ సంచి చూసి, "ఆఫీసులో సర్వర్ పడిపోతేనే లేవరు, చెట్టు పడితే లేస్తారా?" అంది.

చేతల్లో చూపిస్తా.

3 ఏప్రిల్, పొద్దున్న ఐదు

సంచి భుజాన వేసుకుని, హెల్మెట్ పెట్టుకుని మెట్లు ఎక్కి దిగాను. పై అంతస్తు జనార్దనరావు అంకుల్ గొడుగుతో గుట్ట పార్కుకి నడకకు బయల్దేరుతూ ఆగారు. "ఐటీ బాగానే ఉందన్నారే రాజూ. ఎప్పుడు మానేశావు?"

7 ఏప్రిల్

ఆకాశం నిర్మలం. ఇంటర్నెట్‌లో వాతావరణం మ్యాప్ దిగేలోపు ఆకలేసింది. బిస్కెట్లు తిన్నాను. ఎలాగూ మెత్తబడేవే. కొత్తవి రేపు.

11 ఏప్రిల్

బ్యాటరీలు మా అమ్మాయి తన్మయి వాక్‌మన్‌లోకి వెళ్లాయి. అడిగితే, "నో స్టార్మ్ వాట్, డాడీ. లేటర్ పుట్ బ్యాక్ లా," అంది ఇక్కడి ఇంగ్లిష్‌లో. నిజమే, స్టార్మ్ లేదు.

15 ఏప్రిల్

బట్టలారేసే వెదురుకర్ర విరిగింది. ఉమ నైలాన్ తాడు కట్టుకుంది. రెయిన్‌కోటు ఆఫీసులో మర్చిపోయాను. హెల్మెట్‌లో ఉల్లిపాయలు. గాలి తగులుతుందట.

మిస్టర్ గో ఫోన్ చేశాడు. "బ్యాగ్ ఓకే?"

"ఓకే," అన్నాను.

19 ఏప్రిల్

ఆఫీసులో కొత్త సిస్టమ్ ఎక్కించే వారం. ఒకరు తప్పిపోయినట్టు దాక్కుంటే మిగతా గుంపు వెతికే ప్రాక్టీసుకి వెళ్లలేదు. ఈ ఊళ్లో ఏం తుఫాన్లొస్తాయి? అసలీ పిచ్చి నాకెందుకు?

25 ఏప్రిల్, మధ్యాహ్నం

నిద్ర ముంచుకొస్తోంది. అయినా రాయాలి.

తెల్లవారకముందే గాలి లేచింది. పేజర్ మోగితే ఆఫీసనుకుని దుప్పటి కప్పుకున్నాను. మళ్లీ మోగింది. మిస్టర్ గో: గుట్ట పార్కులో చెట్లు పడ్డాయి, వెంటనే రా. అంతలో తలుపు కొట్టారు. జనార్దనరావు అంకుల్ భార్య, అరుంధతి ఆంటీ. "ఆయన నడకకెళ్లారు నాయనా. ఇంకా రాలేదు."

సంచిలో మిగిలింది విజిల్, టార్చి. అదీ బ్యాటరీలు లేనిది. విజిల్ మెళ్లో వేసుకుని పరిగెత్తాను.

పార్కులో దారి కనబడలేదు, అంతా కొమ్మలే. మిస్టర్ గో మనుషులు అటు, నేనిటు. "అంకుల్, అంకుల్" అని పిలుస్తూ వెళ్లాను. చివరికి ఒక పెద్ద చెట్టు వెనక నుంచి వినబడింది. "ఇక్కడ. మెల్లగా రా, జారుతుంది."

అంకుల్ కాలు కొమ్మ కింద ఇరుక్కుంది. పైన గొడుగు, ఒళ్లో ఫ్లాస్కు, చేతిలో వెలుగుతున్న టార్చి. నేను తడిసి గజగజలాడుతుంటే కాఫీ పోసిచ్చారు.

"వెతకడానికొచ్చింది నువ్వా, నేనా?"

నవ్వారు గానీ, పట్టుకున్న నా మణికట్టు వదల్లేదు. "గంట నుంచి పిలుస్తున్నా రాజూ. ఇంకెవరూ రారేమో అనుకున్నా."

విజిల్ ఊదాను. ఊపిరి చాలకపోయినా ఊదుతూనే ఉన్నాను. మిస్టర్ గో వాళ్లు రంపంతో వచ్చి కొమ్మ కోశారు. ఎముక విరగలేదు, మడమ బెణికింది.

మిస్టర్ గో నన్ను కిందినుంచి పైకి చూశాడు. సంచి సంగతి అడగలేదు. "నెక్స్ట్ టైమ్ షూస్, కెన్?" అన్నాడు, సరేనా అన్నట్టు. అప్పుడు చూసుకున్నాను. కాళ్లకి ఉమ చెప్పులు.

30 ఏప్రిల్, ఆదివారం

మళ్లీ మొదలు. కొత్త బ్యాటరీలు, కొత్త తాడు, సంచికి తాళం. తాళంచెవి ఉమ దగ్గర.

సాయంత్రం అంకుల్‌ని చూడబోయాను. కాలికి కట్టుతో కుర్చీలో ఉన్నారు. "మీ ప్రాక్టీసుకి తప్పిపోయే మనిషి దొరకట్లేదటగా. మిస్టర్ గోతో మాట్లాడేశాను. కాలు కుదుటపడగానే నేనే తప్పిపోతా."

వంటింట్లోంచి ఆంటీ అన్నారు: "ఎక్కడ తప్పిపోతున్నారో నాకు చెప్పి వెళ్లండి."