రోల్ నంబర్ పదిహేడు

జూన్ 8

పని పోయి రెండు నెలలైంది. ఆరేళ్లు వాళ్ల ఎంగిలి గిన్నెలు కడిగినప్పుడు లేని రోగం ఇప్పుడు నా చేతుల్లో ఉందట. రావద్దన్న మేడమే ఇవాళ ఫోన్ చేశారు. వాళ్ల పాప ఆన్‌లైన్ క్లాసులో నోరు విప్పడం లేదట. మా పిల్లా ఆ పాపా ఒకే ఈడు, ఐదో క్లాసు. కెమెరా ఆఫ్ చేసి, పాప పేరుతో మా పిల్లను కూర్చోబెట్టమన్నారు. పెద్ద ఫోనూ, నెట్టూ, ఇంట్లోకి సరుకులూ వాళ్లవే.

మా పిల్ల బడికి తాళం వేశారు. అక్కడ ఆన్‌లైన్ ఊసే లేదు. డబ్బాలో బియ్యం అడుగంటాయి. సరేనన్నాను.

జూన్ 15

తొమ్మిదింటికి రోల్ నంబర్ పదిహేడు అని పిలిచారు. ప్రెజెంట్ మిస్ అంది మా పిల్ల. నేను లేచి తలుపు గడియ పెట్టాను.

జూలై 2

లెక్కల మిస్ తెగ మెచ్చుకుందట. మెచ్చుకున్నది మాత్రం ఆ పాప పేరుని. సొమ్మొకడిది, సోకొకడిది.

జూలై 20

భయంగా ఉంది. అన్నం తింటూ మా పిల్ల, తన గదిలో నీలం కర్టెన్ అంచు చిరిగిందని చెప్పింది. మాకున్నది ఒకటే గది, దానికి కర్టెనే లేదు. నీలం కర్టెన్ ఆ పాప గదిలోది, ఉతికి ఆరేసింది నేను. మా పిల్ల ఆ ఇంటి గడప ఎన్నడూ తొక్కలేదు. ఎవరు చెప్పారే అంటే, నా గది నాకు తెలీదా అంది.

జూలై 21

నేనే ఎప్పుడో చెప్పి ఉంటాను. వాగుడుకాయను కదా.

ఆగస్టు 11

మేడమ్ ఏడుస్తూ ఫోన్ చేశారు. పాప ఇంట్లో కూడా మాట్లాడటం మానేసిందట. పొద్దున తొమ్మిది కాగానే గోడవైపు తిరిగి పెదాలు కదుపుతుందట, క్లాసు అయ్యేదాకా. మాన్పించేద్దామా అన్నాను. వద్దొద్దు, పరీక్షలున్నాయి అన్నారు.

సెప్టెంబరు 3

వాళ్ల బడి తెరిచారు. మా బడి తాళం అలాగే ఉంది. అందరికీ మాస్కులే కదా, ఇద్దరూ ఒకే ఎత్తు, బడికి మీ పిల్లనే పంపుదాం అన్నారు మేడమ్. అయితే తను వాళ్లింట్లోనే ఉండాలట, మా వీధి నుంచి వస్తూ పోతూ ఉంటే ఇన్‌ఫెక్షనట. చచ్చినా పంపనన్నాను. ఫోన్ తెచ్చిచ్చేయమన్నారు. సరుకులూ ఆగాయి.

సెప్టెంబరు 9

నాలుగు రోజులుగా మా పిల్ల ముద్ద ముట్టలేదు. ఏడుపంతా క్లాసు కోసమే. పంపించమ్మా, చదువుకుంటా అంది. చదువుకుంటానన్న పిల్లను ఏ మొహం పెట్టుకుని ఆపను? పంపాను. బట్టల సంచి గేటు దగ్గరే వెనక్కి ఇచ్చేశారు, అక్కడ కొత్తవి ఉన్నాయట.

అక్టోబరు 4

ఆదివారం గేటు బయటి నుంచి చూడొచ్చన్నారు. బాల్కనీలో ఇద్దరూ నిలబడ్డారు. ఒకేలాంటి గౌన్లు, ఒకేలాంటి జడలు, మాస్కులు. ఒకరు చెయ్యి ఊపారు. నా బిడ్డను నేను గుర్తుపట్టలేనా అనుకున్నాను. పట్టలేకపోయాను.

అక్టోబరు 11

చదువూ వద్దు, ఏమీ వద్దు, తీసుకొచ్చేద్దామని వెళ్లాను. గేటు దగ్గర నిలబడి మా పిల్లను పేరు పెట్టి పిలిచాను. బాల్కనీలో ఉన్న ఇద్దరిలో ఒకరు గబగబా లోపలికి వెళ్లిపోయారు. ఉన్న పిల్ల మాస్కు దించింది. మొహం మేడమ్ కూతురిది.

వస్తున్నానమ్మా అంది. గొంతు మా పిల్లది.