నా చేతిలో లేచిన కొబ్బరికాయ

ఎల్లారెడ్డి, మంగళవారం.

చెయ్యి ఇంకా నాది కానట్టే ఉంది.

తమ్ముడి చెలకలో బోరు పాయింటు చూడడానికి మా బావమరిది రాజిరెడ్డి వచ్చాడు. అరచేతిలో కొబ్బరికాయను పడుకోబెట్టుకుని నడుస్తాడు. నీళ్లున్నచోట కాయ లేచి నిలబడుతుందట. అది మోసమని ఏళ్లుగా అంటూనే ఉన్నాను. ఇవాళ అందరి ముందూ అన్నాను.

"గంత అనుమానముంటే నువ్వే పట్టు బావా. పుస్తకం పట్టినంత అల్కగుండదిది," అన్నాడు రాజిరెడ్డి.

పట్టుకున్నాను. అంతకుముందే తన కాయ లేచిందని అతను గుర్తుపెట్టిన గట్టు మూలకు రాగానే కాయ నా అరచేతిలో లేచి నిలబడింది. నేను లేపలేదు.

కాసేపటికి తేరుకుని, కళ్లకు తువ్వాలు కట్టించుకున్నాను. అదే మూల మీదుగా మళ్లీ మళ్లీ నడిపించారట. కాయ కదల్లేదు. రాజిరెడ్డికీ కట్టాం, అతనికీ లేవలేదు. కాయను లేపింది నీళ్లు కాదు, చోటు ముందే తెలిసిన మా చేతులు. రాజిరెడ్డి ముఖం పాలిపోయింది. ఆ ముఖం కోసమే ఇన్నాళ్లు బతికాననిపించింది.

తమ్ముడు మాత్రం నవ్వాడు. "కండ్లు గడితె దేవునికైన కోపమొస్తది గదనే అన్నా! నమ్మని నీ చేతులనే లేసింది, ఇంక డౌటేంది? రేపు కామారెడ్డి నుంచి బోరు బండొస్తది, గాడనే ఏపిస్త."

ఇప్పటికే రెండు బోర్లు ఎండిపోయాయి. ఇదీ ఎండితే చెలక అమ్మేస్తానన్నాడు. నిన్నటిదాకా రాజిరెడ్డి మాట మీద వాడికీ అనుమానమే ఉండేది. దాన్ని తీర్చింది నా చెయ్యి.