మిత్రదేశంతో తగవుకు నాకు జ్వరం అంటగట్టుట గురించి

విదేశాంగ శాఖ కార్యదర్శి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మంత్రిగారి నోటి దురుసుకు దుబాసీని సస్పెండు చేయుట – న్యాయం కోరుట.

తమ శాఖలో దుబాసీగా పనిచేస్తూ, ప్రస్తుతం ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటున్న నేను మనవి చేసుకొనునది ఏమనగా:

1. మన యుద్ధానికి సైన్యం పంపబోమని మిత్రదేశం తెలిపినందున, వారి రాయబారితో మంత్రిగారు సమావేశమైరి. పెద్దల మాటల్లో ముల్లుంటే తీసేసి అవతలివారికి అందించడం మా దుబాసీల వాడుక. నేనూ ఇన్నేళ్ళుగా తీస్తూనే ఉన్నాను. ఆ రోజు గుమ్మంలోనే మంత్రిగారు, "ఇదిగో అమ్మాయ్, ఇవాళ నీ మర్యాదలు కలపకు. నేనన్నది అన్నట్టు వాళ్ళ మొహాన కొట్టు" అని ఆజ్ఞాపించిరి. తలుపు పట్టుకుని నిలబడినది తమరే.

2. పిమ్మట మంత్రిగారు, "తిండికి తిమ్మరాజులు, పోరుకు పోతరాజులు! మా బల్ల దగ్గర కూర్చోడానికి సిగ్గులేదూ?" అనిరి. ఆజ్ఞ ప్రకారం పొల్లు పోకుండా చెప్పితిని. రాయబారి పెద్దావిడ. కప్పు కింద పెట్టి, "పోయినసారి మీ యుద్ధానికి మా తమ్ముడొచ్చాడు. పెట్టెలో తిరిగొచ్చాడు. ఆయనతో చెప్పమ్మా" అన్నారు. చెప్పాను. మంత్రిగారు ఫోను చూసుకుంటూ, "ఏంటంటా?" అన్నారు. మళ్ళీ చెప్పాను. "సరే, టీ తాగమను" అన్నారు. అదీ చెప్పాను. ఆవిడ తన తమ్ముడి పేరు నాకు చెప్పి, లేచి వెళ్ళిపోయారు.

3. మర్నాడు రెండు దేశాలూ రాయబారులను వెనక్కి పిలిపించుకున్నాయి. మంత్రిగారు విలేఖరులతో, "నేను మంచిమాటే అన్నా. ఆ పిల్లకి జ్వరం, కంగారులో ఏదో వాగింది" అని సెలవిచ్చిరి. తమరు ఫోను చేసి, "జ్వరమని ఒక ముక్క రాసిచ్చెయ్ తల్లీ, సోమవారం నుంచి నీ సీట్లో ఉంటావ్" అన్నారు. మా అమ్మ కూడా, "రాసివ్వవే, నీ సొమ్మేం పోయింది" అంది. రాయబారి తమ్ముడి సంగతి చెప్పాక అమ్మ మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

రాసివ్వను. నాకున్నది జ్వరం కాదు, కడుపుమంట.

4. క్షమాపణ అదే గదిలో, అదే దుబాసీ నోట వినిపిస్తేనే తిరిగి వస్తామని మిత్రదేశం కబురు పంపినట్లు తెలిసినది. అంటే ఇప్పుడు అవసరం తమది.

కావున నా సస్పెన్షను రద్దు చేయాలి. నా మీద వేసిన అబద్ధాన్ని మంత్రిగారే ఆ విలేఖరుల ముందే మింగాలి. క్షమాపణలో చనిపోయిన ఆ మనిషి పేరు ఉండాలి. అది మంత్రిగారికి తెలియదు. వచ్చి నన్ను అడగాలి. నేను కూర్చుని ఉంటాను, ఆయన నిలబడి అడగాలి.

తమరు చిత్తగించినా సరే, చిత్తగించకపోయినా సరే. నేను లేనిదే ఆ సమావేశం జరగదు.

ఇట్లు,
ఇంకా తమ విధేయురాలే అయిన
సస్పెండైన దుబాసీ

తా.క.: మాట సరిగా వినబడకపోతే మళ్ళీ చెప్పించుకునే హక్కు దుబాసీకి ఉంది. "తప్పు నాది" అని మంత్రిగారు అన్నప్పుడు నాకు మొదటిసారి వినబడదు. రెండోసారి సంగతి అప్పుడు చూద్దాం.