తలనూనె

మోంటానా,
1984 ఆగస్టు 12

మీనక్కా,

ఈ ఉదయం బోను కడ్డీల మీద చీమలబారు పోతుంటే, లోపలున్న గ్రిజ్లీ ఎలుగు వాటిని నాలుకతో అద్దుకుని తింటోంది. అంత పెద్ద జంతువుకి ఎంత ఓపికో! వేసవంతా నేను ఈ కొండల్లో ఎలుగుల మలం ఏరి, ఆరబెట్టి, అవి ఏం తిన్నాయో రాసుకుంటున్నాను కదా. గడ్డి, దుంపలు, చీమలు, కొండపళ్ళు. మాంసం ఎప్పుడో గాని కనబడదు. "నువ్వూ అదీ ఒకే పంక్తిలో కూర్చోవచ్చు" అని నాతో చదివే భాస్కర్ ఏడిపిస్తాడు.

మొన్న మధ్యాహ్నం ఇది నా గుడారం చీల్చి దిండు లాక్కెళ్ళింది. నాకేం కాలేదు, కంగారుపడకు. నిన్న బోనులో పడింది. గుడారంలో తిండిగాని, సబ్బుగాని ఉందా అని ప్రొఫెసర్ హారిస్ గారు అడిగారు. లేవన్నాను. నిజంగానే అన్నీ దూరంగా చెట్టుకు కట్టిన సంచిలోనే ఉన్నాయి. తిండి వాసన లేకుండా వచ్చిందంటే మనిషి కోసమే వచ్చినట్టు. అలాంటిదాన్ని బతకనివ్వరు. ఇవాళ పన్నెండింటికి ఫారెస్టు ఆఫీసరు తుపాకీతో వస్తాడన్నారు.

బోను దగ్గర కూర్చుని జడ అల్లుకుంటున్నాను. ఎలుగు చీమల్ని వదిలేసి నా వైపు ముక్కెగరేసింది. నా వేళ్ళకి జిడ్డు. నువ్వు జెర్సీ సిటీ నుంచి పంపిన కొబ్బరినూనె! మనింట్లో అది ఎప్పుడైనా బాణలిలోకి వెళ్ళిందా అక్కా? తిండి అంటే నాకది తట్టనే లేదు. దిండంతా అదే వాసన.

చెబితే అడవిలో నా పని ఆగిపోతుంది. రెండేళ్ళు అడిగి అడిగి తెచ్చుకున్న పని. పదకొండున్నర దాకా అల్లిన జడే విప్పి మళ్ళీ అల్లుకున్నాను. చివరికి, అందరూ కాఫీ తాగుతుంటే, కాన్వెంట్‌లో లాగా చెయ్యెత్తి లేచి నిలబడ్డాను.

"కొబ్బరినూనె తిండి కాదా?" అన్నారు హారిస్ గారు.

"మా ఇంట్లో కాదు సార్."

"మలయాళీ పిల్లని తెచ్చుకుని ఉంటే తెలిసేది సార్" అన్నాడు భాస్కర్.

ఆయన నవ్వలేదు. ఫారెస్టు ఆఫీసరుతో రేడియోలో చాలాసేపు మాట్లాడారు. తుపాకీకి బదులు మత్తుమందు వచ్చింది. ఎలుగుని దూరపు లోయలో వదులుతారు. నేను రేపు ఊళ్ళోకి, లాబ్‌కి వెళ్ళిపోవాలి. పర్వాలేదని నీకైనా రాయలేను.

అది వచ్చినప్పుడు నువ్వెక్కడున్నావని ఆయన మళ్ళీ అడిగారు. లోపల మనిషి ఉండగా చొరబడి ఉంటే, నూనె కోసమైనా సరే దాన్ని వదలరట. మొన్న చెప్పినట్టే, వాగు దగ్గర అన్నాను.

అది దిండు లాగినప్పుడు నా తల దాని మీదే ఉంది.

నీ
పద్మిని