పిల్ల పక్కనుంటేనే పాలు

అమ్మా, జలుబు తగ్గింది, బాగున్నాను. గెలిచానమ్మా! గుర్రప్పాలు పితికే ఈ ఫారంలో ఇంటర్న్‌షిప్ తప్పితే క్రెడిట్లు రావనీ, ఏడాది పోతుందనీ ఏడ్చాను కదా? శుభ్రత పేరుతో మేనేజరు ఎసెంగుల్ గారు గుర్రప్పిల్లల్ని దూరంగా కట్టించారు. తల్లులు చుక్క చేపలేదు. "ఏమ్మా యూనివర్సిటీ, నీ చదువు చూపించు!" అని అందరి ముందూ వెక్కిరించారు. నేను మనింట్లోలాగే పిల్లని తెచ్చి, రెండు గుక్కలు తాగించి, తల్లి మెడ దగ్గరే కట్టి పితికాను. బకెట్టు నిండింది! ఆయనే మార్కులు పూర్తిగా వేశారు.

నాన్న మోకాలు ఎలా ఉంది? ఎండు పెరుగుండలు ఇంకొన్ని పంపు, ఇక్కడివి నోట పెట్టలేం. తాతకి నా దండాలు.

రిపోర్టు చివర, ఏ పుస్తకాలు చూశావో రాయమన్నారు. ఒకే ఒక్క పేరు రాశాను: తాజిగుల్, నారిన్ ఊరు. నీ పేరేనమ్మా.

నీ బురులై