బాపు స్కోరు

ఎల్లారెడ్డి,
నవంబరు, 1996

మా పిల్లగాడి బాపుకు,

అంజవ్వ దండాలు. ఇక్కడ మేం బాగున్నామని రాద్దామని కూర్చున్నాను. చెయ్యి రావడం లేదు.

దసరాకు దుబాయి నుంచి ఊరికొచ్చిన ఘనీ అన్న చేతికిచ్చి పంపావు చూడు వీడియో గేము, దాని పాడుగాను! అది ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి మన కొడుకు మార్కండేయ మనిషి మనిషిలా లేడు. పద్నాలుగేళ్ల పోరడు, అన్నం ముందు పెడితే ఈగలు వాలినా చూడడు. బడి మానేశాడు. దోస్తులు పిలిస్తే తలుపేసుకుంటాడు. పక్కింటి పోచవ్వ "గాలి సోకింది, తాయత్తు కట్టియ్యి" అంది. నేను బస్సెక్కించి కామారెడ్డి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. "కండ్లు మంచిగున్నయి తల్లీ. మనసుల ఏదో పెట్టుకున్నడు. కొట్టకు, కూసుండబెట్టి అడుగు" అన్నాడాయన.

నేనెక్కడ అడిగాను! ఇంటికొస్తూనే వాడు మళ్లీ గేము పట్టాడు. నాకు ఒళ్లు మండింది. లాక్కుని, సెల్లులు పీకి బావిలో పారేశాను. వాడు తిట్టలేదు, కొట్లాడలేదు. గచ్చు మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. భయమేసి కొత్త సెల్లులు తెచ్చి వేశాను. గేము వెలిగింది గానీ పైన సున్నా ఉంది.

"బాపు స్కోరు పోయిందే అవ్వా! సెల్లులు తీస్తే అంత చెరిగిపోతది. దుబాయిల బాపు ఆడిన స్కోరు అండ్లనే ఉండె. అది దాటితే ఆ రోజే ఇమానమెక్కుతనని రాసిండు. ఇగ ఎట్ల దాటాలె? బాపు ఎట్ల వస్తడు?"

నువ్వు నవ్వులాటకు రాసిన మాటయ్యా అది! అప్పుడు చదివి నేనూ నవ్వాను. వాడు మాత్రం దాన్నే పట్టుకుని కూర్చున్నాడు.

నాకు ఆ రోజులే గుర్తొస్తున్నాయి. కరెంటు పోగానే కందిలి ముట్టించి, గచ్చు మీద సుద్దతో గీతలు గీసి, చింతగింజలతో మీరిద్దరూ అష్టాచెమ్మ ఆడేవారు. నువ్వు కావాలని ఓడిపోయి నెత్తి కొట్టుకునేవాడివి. వాడు వాకిలంతా ఎగిరేవాడు. మీ నవ్వులకు పోచవ్వ లేచొచ్చి తిట్టేది. నువ్వు పోయాక కూడా ఆ గీతలు చాలా రోజులు ఉన్నాయి. కడిగి కడిగి నేనే పోగొట్టాను.

ఇప్పుడు వాడు గంజి తప్ప ఏదీ ముట్టడం లేదు. నా మాట వినడు. నువ్వే ఏదో ఒకటి చెప్పు, నీకు పుణ్యముంటుంది.

నీ అంజవ్వ

*

దుబాయి,
డిసెంబరు, 1996

బిడ్డా మార్కండేయా,

మీ అవ్వ ఉత్తరం చదివి గదిలో అందరి ముందూ ఏడ్చాను. నవ్వేవాళ్లను నవ్వనీ.

ఎప్పుడొస్తవు బాపూ అని నువ్వు రాసిన ప్రతిసారీ పనిలో పెట్టుకున్న సేఠును సెలవు అడిగాను. ఆయన లేదన్నాడు. ఆ మాట నీకు రాయలేక, నా బుద్ధి గడ్డి తిని, గేము మీద పెట్టి నవ్వించబోయాను. నా స్కోరెంతో నాకే గుర్తు లేదురా. ఇల్లు యాదికొచ్చి, మనసు బాగుండక, పని దిగినప్పుడల్లా ఆడేవాణ్ణి. నా రోగం నీకు అంటించాను.

ఒకటి విను. నేను ఇంటికి రావడానికి నువ్వు ఏ ఆటలోనూ గెలవక్కర్లేదు.

సేఠు ముందు పోయి నిలబడ్డాను. "పోతే పో, మళ్లీ పనిలో పెట్టుకోను" అన్నాడు. పెట్టుకోకుంటే మానె. వచ్చే నెల వస్తున్నాను.

అన్నం తిను. బడికి పో. మీ అవ్వ మీద అలగకు. గచ్చు మీద గీతలు గీసి, చింతగింజలు అరగదీసి ఉంచు. ముందే చెబుతున్నాను, ఈసారి కావాలని ఓడిపోను.

నీ బాపు,
లింగం